అతని ఎడమవైపు

కాఫీ కప్పు స్టూరెకి కుడిచేతి పక్కన పెట్టాలి. ఏప్రిల్ నుంచి ఆ వంటింట్లో అన్నిటికంటే గట్టి నియమం అదే. రొట్టె, వెన్న, ఉప్పుచేపల గిన్నె, పేపరు, లారీ తాళాలు, అన్నీ కుడివైపే. ఎడమవైపు బల్ల మీద పరిచిన గుడ్డ తప్ప ఇంకేమీ ఉండకూడదు. అంతకుముందు కప్పు ఎటు పెట్టేదో మైబ్రిట్‌కి గుర్తు కూడా లేదు. పదిహేడేళ్ళ కాపురంలో మొగుడికి కప్పు ఏ పక్కన పెట్టానా అని ఎవరు చూసుకుంటారు. ఇప్పుడు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

ఈ సంగతి మొదట పసిగట్టింది అత్తగారు సిగ్నె. ఆవిడ వీధి చివర చిన్న ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆదివారం చర్చి అయ్యాక కాఫీకి వస్తుంది. వచ్చి కూర్చుని, బల్లని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది.

"ఏమ్మాయ్, సామానంతా ఒక పక్కకే చేరిందేం? పడవైతే ఈపాటికి మునిగేది."

"ఆయనకి అలా వీలుగా ఉంటుందత్తయ్యా."

సిగ్నె కొడుకు వైపు చూసింది. స్టూరె పేపరు చదువుకుంటున్నాడు. ఆవిడ తన ముందున్న చక్కెర గిన్నెని మెల్లిగా ఒక వేలితో అతని కుడివైపుకి జరిపింది. ఇద్దరాడవాళ్ళూ ఒక్క మాట కూడా అనుకోకుండానే ఒక పని పంచుకున్నట్టయింది.

ఏప్రిల్లో ఆస్ట్రియాలో సీజన్ మొదటి కార్ల పందెం. కొండల మీద ఇంకా మంచు ఉంది. రెండో మలుపులో స్టూరె కారు పల్టీలు కొట్టింది. దాన్ని తిప్పి నిలబెట్టేసరికి అతను బెల్టుల్లో వేలాడుతూ నవ్వుతున్నాడు. ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచుకుని, తలకి గట్టి దెబ్బే తగిలింది, కొన్నాళ్ళు కదలకుండా ఉండమని చెప్పి పంపేశారు. కారుని వెనక ఎక్కించుకుని లారీ నడుపుకుంటూ స్వీడన్‌కి తిరిగొచ్చింది మైబ్రిట్. ఎప్పుడూ ఆమే నడుపుతుంది. డ్రైవరు అలసిపోకూడదు, మరిది కెంత్ మెకానిక్కు కాబట్టి అతనూ అలసిపోకూడదు. మైబ్రిట్ అలసిపోవచ్చు. ఆ దారిలో ఆమె ఒక ఆపిల్ తీసి, కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా, కుడిచేత్తో పక్క సీటు వైపు చాచింది. అతను తీసుకోలేదు. కోపం వచ్చిందేమో అనుకుంది. మొగుడు పలక్కపోతే కోపమొచ్చిందనుకోవడం, తన తప్పేమిటా అని వెనక్కి వెనక్కి వెతుక్కోవడం ఆమెకి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. చెయ్యి నొప్పెట్టేదాకా అలాగే పట్టుకుని, ఆఖరికి దించేసి, ఆ ఆపిల్ తనే తినేసింది.

ఇంటికొచ్చాక ఎడమవైపున్న కప్పులు పడిపోవడం మొదలైంది. తలుపు చట్రానికి భుజం కొట్టుకోవడం, పక్కింటివాళ్ళ సైకిల్ని గుద్దేయడం, ఎదురొచ్చిన పోస్టమ్మాయికి జవాబివ్వకుండా దాటిపోవడం. ఒక పొద్దున ఆమె అతనికి ఎడమవైపు నిలబడి, చెయ్యి గాల్లో ఆడించింది. అతను పేపరు తిప్పుకున్నాడు. నాలిక బయటపెట్టి వెక్కిరించింది. మామూలు రోజైతే నవ్వొచ్చే పని. అతను ఆవలించాడు.

"నీకు ఎడమవైపు కనబడట్లేదు," అంది.

స్టూరె ఉలిక్కిపడ్డాడు, ఆమె అక్కడుందని తెలియనట్టు. తెలియదు కదా మరి.

"కొంచెం మసక. దెబ్బ తగిలింది కదా, తగ్గుతుందిలే."

"డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"వెళ్తే ముందు లైసెన్సు పీకుతాడు, తర్వాత మందిస్తాడు. ఇన్నేళ్ళకి చేతిలో ఒక కారు కుదిరింది మై. వచ్చే ఏడు కుర్రాళ్ళొస్తారు, నన్నెవడు చూస్తాడు. ఈ ఒక్క సీజన్. ఎవరికీ చెప్పకు, కెంత్‌కి కూడా." ఆమె చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. అలా తీసుకుని ఎన్నాళ్ళయిందో. "నాకేంటి భయం, నువ్వున్నావుగా."

ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే, ఆ పూటంతా ఆమెకి అది బరువని తెలియలేదు.

ఈ కార్ల సంగతి చెప్పాలి. ఇవి మొదట అడవి రోడ్ల మీద పరుగుకి చేసినవి. జనం మధ్యనుంచి దూసుకుపోతూ నడిపేవాళ్ళనీ చూడ్డానికొచ్చినవాళ్ళనీ చంపుతున్నాయని వాటిని నిషేధించారు. నిషేధించినంత మాత్రాన అంత మంచి కార్లని ఎవరు పారేస్తారు. స్టూరెలాంటివాళ్ళు కొనుక్కుని ర్యాలీక్రాస్‌కి తెచ్చారు. ఇక్కడ సగం బాట తారు, సగం మట్టి. ఐదు కార్లు పక్కపక్కన నిలబడి, లైటు మారగానే ఒకే మలుపులోకి ఒకేసారి దూరతాయి. ఇంజనుకి ఊపునిచ్చే టర్బో అనేది పెడసరం మనిషి లాంటిది. పెడల్ తొక్కితే పలకదు, ఇంకా తొక్కినా పలకదు, ఇక పలకదులే అనుకున్నాక ఒక్కసారి మీద పడుతుంది. మైబ్రిట్‌కి అలాంటిదాంతో వేగడం కొత్త కాదు.

ఆమె పని లారీ నడపడంతో మొదలయ్యి నిప్పుని తట్టుకునే పందెపు సూట్లు ఉతకడంతో అయిపోదు. పందెం చోట లారీకి కట్టిన పట్టా కింద కూర్చుని, కాల్చిన కత్తితో నున్నటి టైర్లకి గాడులు కొయ్యాలి. వానైతే ఒకలా, పొడైతే ఒకలా. రబ్బరు పొగ జుట్టులోంచి వారమైనా పోదు, ముంజేతుల మీద కాలిన మచ్చలు వేసవిలో గౌను వేసుకుంటే కనబడతాయి. మధ్యలో అందరికీ వండాలి. సోమవారం పొద్దున మళ్ళీ బడి వంటశాలలో టోపీ పెట్టుకుని నిలబడాలి. అక్కడి పెద్దావిడ ఆమె గంటలు తగ్గించేస్తూ, "మీ ఆయన టీవీలో కనిపిస్తాడు, నీకెందుకమ్మా ఈ గరిటె, అవసరమున్నవాళ్ళకిద్దాం," అంది. స్టూరెకి చెబితే, "మంచిదేగా, టైర్లకి టైము దొరుకుతుంది," అన్నాడు.

ఇప్పుడు వీటన్నిటి మీద ఇంకో పని చేరింది. అతనికి ఎడమకన్నుగా ఉండటం.

హెల్మెట్‌లో రేడియో పెట్టించాడు. పందెం ఎత్తులు చెప్పుకోవడానికని కెంత్‌తో అన్నాడు. మైబ్రిట్ లారీ పైకెక్కి, నోటి దగ్గర మైకు పెట్టుకుని, మైదానమంతా చూస్తూ చెప్పాలి. ఎడమకి ఒకడు, ఆగు. ఎడమ ఖాళీ, రా. ఎడమ గోడ దగ్గరకొచ్చింది. మొదటిసారి మాట తడబడింది. రెండోసారి తడబడలేదు. మూడోసారి ఆమెకి బాగుంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు కానీ, అబద్ధం ఎందుకు, చాలా బాగుంది. ఇంట్లో కిటికీకి ఏ రంగు తెర వెయ్యాలో చెబితే వినని మనిషి, ఆమె రా అంటే వచ్చాడు, ఆగు అంటే ఆగాడు, అదీ అంత వేగంలో, ప్రాణం ఆమె నాలిక మీద పెట్టి. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె మాట అడ్డురాకుండా పూర్తిగా విన్నది ఆ కొద్ది నిమిషాలే. రాత్రిళ్ళు పక్కమీద కళ్ళు మూసుకుని ఆ నిమిషాలని మళ్ళీ తలచుకునేది. తను చేస్తున్నది తప్పని తెలిసీ తలచుకునేది.

బెల్జియంలో గెలిచాడు. టీవీ అతను మైకు పట్టుకొచ్చి, చివరి మలుపులో అంత సన్నటి సందు ఎలా కనిపెట్టారని అడిగాడు.

"నాకు వీపు మీద కూడా కళ్ళున్నాయి," అన్నాడు స్టూరె.

మైబ్రిట్ అప్పుడే లారీ మీంచి దిగి, గొంతు బొంగురుపోయి, నీళ్ళు తాగుతోంది. టీవీ అతను మర్యాదకని ఆమె వైపు తిరిగి, "మరి మీరేం చేస్తుంటారు, శాండ్‌విచ్‌లా?" అన్నాడు.

"మాంసం ఉండలు," అని స్టూరె అందుకున్నాడు. "మా ఆవిడ చేతి ఉండలకి తిరుగులేదు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు టీవీలో వచ్చింది, సిగ్నె చూసి ముచ్చటపడింది.

అసలు చిత్రం ఏమిటంటే, కనబడకపోవడం వల్ల స్టూరెకి పేరొచ్చింది. ఎడమవైపు కారున్నా జంకకుండా దూరిపోతున్నాడని, నలభై దాటాక మొండి ధైర్యం పుట్టిందని పత్రికలు రాశాయి. దున్న అని పేరు పెట్టాయి. జనం కంచె దగ్గర నిలబడి దున్నా, దున్నా అని కేకలు పెట్టేవాళ్ళు. గుద్దుకున్నవాళ్ళు తిట్టుకుంటూ పోయేవాళ్ళు. స్టూరె ఆ రాతలు చదివి, మెల్లిమెల్లిగా వాటిని నమ్మడం మొదలుపెట్టాడు. మసక తగ్గిందన్నాడు. ఆమె ఎడమవైపు చెంచా పెట్టి చూసింది. చెంచా సాయంత్రం దాకా అక్కడే ఉంది.

ఫిన్లాండునుంచి వచ్చే వెయ్కో, అతని భార్య రైయా ఈ పందేల్లో వీళ్ళకి పాత స్నేహితులు. రెండు లారీలూ పక్కపక్కన పెట్టుకుంటారు. ఇద్దరాడవాళ్ళూ ఒకే తాడు మీద బట్టలారేసుకుంటారు. రైయా స్వీడిష్ ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది గానీ నోరు మంచిది.

ఐర్లండులో వర్షం. ఆ రోజు వెయ్కో స్టూరెకి ఎడమవైపు ఉన్నాడు. ఎదురుగా మట్టి మలుపు. మైబ్రిట్ ఎడమ అనబోయేంతలో రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. ఎడమ, ఎడమ, ఎడమ అని ఆమె అరుస్తూనే ఉంది. ఆమె గొంతు లారీ పైకప్పు దాటి పోలేదు. స్టూరె ఏమీ లేనిచోటికి వెళ్ళినట్టు నిబ్బరంగా ఎడమకి తిప్పాడు. వెయ్కో కారు టైర్ల గోడకి అతుక్కుపోయింది. తలుపు కోసి అతన్ని బయటికి తీశారు. పక్కటెముకలు విరిగాయి.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో రైయా బెంచీ మీద కూర్చుని ఉంది. మైబ్రిట్ ఫ్లాస్కులో సూప్ పట్టుకెళ్ళింది. ఇంకేం పట్టుకెళ్ళగలదు.

"మీ ఆయనకి ఈ ఏడు ఏం పట్టిందే?" అంది రైయా. "నా మొగుణ్ణి చూసి కూడా గుద్దాడు. పదేళ్ళు ఒక్క చోట తిన్న మనిషి, చూసి గుద్దాడు."

చూసి గుద్దలేదని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట చెబితే స్టూరె మీద పగ పోతుంది, స్టూరె కూడా పోతాడు. ఆమె ఫ్లాస్కు మూత తిప్పింది, సూప్ పోసింది, వేడిగా ఉందని చెప్పింది. రైయా తాగింది, బాగుందంది. ఆ బాగుందన్న మాట మైబ్రిట్‌ని చెంపమీద కొట్టినట్టుంది. తిరుగుదారిలో లారీ నడుపుతూ ఏడిచింది. స్టూరె కుడివైపు సీట్లో, ఎప్పటిలా ఆమె తన ఎడమవైపు ఉండగా, కళ్ళు తెరుచుకునే కూర్చున్నాడు. ఆమె ఏడుపు అతనికి కనబడలేదు. ఇంజను హోరులో వినబడలేదు. దాచుకోనవసరం లేకుండా ఏడవడం ఆమెకి అదే మొదలు.

సెప్టెంబరులో అడవిలో ఎర్రపళ్ళు పండితే అత్తాకోడళ్ళిద్దరూ కోసుకొచ్చి జాము వండుతారు. గిన్నె పొయ్యి మీద ఉంది. సిగ్నె కలుపుతోంది, మైబ్రిట్ సీసాలు తుడుస్తోంది. ఉన్నట్టుండి సిగ్నె, ఏదో మధ్యలో ఆగిపోయిన కబురు అందుకున్నట్టు మొదలుపెట్టింది.

"మీ మామగారికి చెవుడు, తెలుసా నీకు?"

తెలియదు. పెళ్ళికి ముందే పోయాడాయన. సామిల్లులో ఫోర్‌మన్. పెద్ద మనిషి అని ఊరంతా అంటారు.

"ఆ రంపాల మోతకి చెవులు పోయాయి. తెలిస్తే ఫోర్‌మన్‌గా ఉంచుతారా. మీటింగైనా, చర్చైనా, పెళ్ళైనా నేను పక్కన కూర్చునేదాన్ని. బల్లకింద మోకాలి మీద ఒకసారి తడితే అవును, రెండుసార్లు తడితే కాదు. చచ్చేదాకా ఒక్కడికీ తెలియలేదు." ఆవిడ గొంతులో గర్వం దాగలేదు. "ఆడదంటే అలా ఉండాలమ్మాయ్. నువ్వూ మావాణ్ణి నిలబెట్టావు. నాకు తెలుసు."

మైబ్రిట్ చేతిలో సీసా ఆగిపోయింది. మామగారు ఎలా పోయాడో ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. మిల్లు ఆవరణలో దుంగల లారీ వెనక్కి వస్తూ తొక్కేసింది. లారీ నడిపినవాడి పేరు ఊల్లె. హారన్ కొట్టకుండా వచ్చాడని తేల్చారు. ఉద్యోగం పోయింది, తాగుడు మరిగాడు, పెళ్ళాం పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయింది. ఇప్పటికీ కొట్టు మెట్ల మీద కూర్చుంటాడు. సిగ్నె అతన్ని చూస్తే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడుస్తుంది. భర్తని చంపినవాడి మొహం చూడలేకనేమో అనుకునేది మైబ్రిట్.

"అత్తయ్యా, ఊల్లె హారన్ కొట్టలేదా?"

సిగ్నె గరిటె గిన్నె అంచున ఆనించింది.

"కొట్టాడు," అంది. "ఊరంతటికీ వినబడింది. నాకు ఇంట్లోకి వినబడింది."

"మరి విచారణలో చెప్పలేదా?"

"ఏం చెప్పను. మీ ఆయనకి చెవుడా అని ఎవరూ అడగలేదు." మళ్ళీ గరిటె తీసుకుంది. "ఆ రోజు బట్టలుతుకుతున్నా. లేకపోతే పక్కనే ఉండేదాన్ని. నేను పక్కనుంటే ఏమీ అయ్యేది కాదు. జాము అడుగంటుతోంది చూడు, మంట తగ్గించు."

మైబ్రిట్ మంట తగ్గించింది. ఆవిడ ఇన్నేళ్ళూ మోస్తున్న తప్పు ఏమిటో ఆమెకి అర్థమైంది. ఊల్లె బతుకు కాదు. ఆ రోజు బట్టలుతకడం. ఒక్క రోజు పక్కన లేకపోవడం. ఐర్లండునుంచి తనూ అదే లెక్కలో ఉంది. రేడియోకి ఇంకో బాటరీ పెట్టి ఉండాల్సింది, లారీ ఇంకో పక్కన నిలపాల్సింది అని. ఇంకో ముప్పై ఏళ్ళకి ఈ పొయ్యి దగ్గర నిలబడి తనూ ఎవరికో చెబుతుందన్నమాట, చచ్చేదాకా ఒక్కడికీ తెలియలేదని.

ఆఖరి పందెం అక్టోబరులో, ఉత్తర జర్మనీలో. పొద్దున్నే పొగమంచు. స్టూరె ఫైనలుకి వచ్చాడు. గెలిస్తే ఐరోపా అంతటికీ ఛాంపియన్. వెయ్కో కూడా వచ్చాడు, చొక్కా కింద పట్టీలు బిగించుకుని, వద్దన్నా వినకుండా. చీటీలు తియ్యలేదు, వేగాల్ని బట్టి స్థానాలిచ్చారు. వెయ్కోది స్టూరెకి ఎడమ పక్క స్థానం. మొదటి మలుపు ఎడమకే.

పట్టా కింద మైబ్రిట్ ఆఖరి టైరు కోస్తూ ఉండగా స్టూరె వచ్చి నిలబడ్డాడు. కెంత్ కారు దగ్గర ఉన్నాడు.

"వద్దు స్టూరె," అంది కత్తి దించి. "రేడియో చాలదు. ఆ మంచులో నాకే సరిగ్గా కనబడదు. ఎడమ పక్కన వెయ్కో ఉన్నాడు, విరిగిన ఎముకలతో."

"మలుపు మూసేస్తే వాడే ఆగుతాడు. అందరూ ఆగుతున్నారు కదా ఈ ఏడు."

"మూసేస్తున్నానని నువ్వనుకుంటున్నావు. అక్కడ ఎవరున్నారో నీకు తెలియదు."

అతని మొహం గట్టిపడింది. అతనికి కోపం రాలేదు, ఆమెకి అదే భయం వేసింది. నెమ్మదిగా, పిల్లకి నచ్చజెప్పినట్టు మాట్లాడాడు.

"ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా ఉన్నదెవరు మై? ఐర్లండులో రేడియో పట్టుకున్నదెవరు? ఇప్పుడు నోరు తెరిస్తే రైయా మొహం ఎలా చూస్తావు? నేనైతే దెబ్బ తిన్న మనిషిని. నాకు తెలియలేదంటాను. నువ్వేమంటావు?" ఆమె భుజం తట్టాడు. "ఆఖరిది. తర్వాత డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్ళు. టైరు పూర్తి చెయ్యి."

ఆమె టైరు పూర్తి చేసింది. చేతులు వాటంతటవే కోశాయి, గాడులు తిన్నగానే వచ్చాయి. అతను చెప్పింది నిజమే. ఆమె నోరు తెరిస్తే బయటికి వచ్చేది అతని కళ్ళ సంగతే కాదు, ఆసుపత్రి వరండాలో పోసిన సూప్ సంగతి కూడా. రైయా ఇక ఎప్పటికీ మాట్లాడదు. కెంత్ మాట్లాడడు. ఊళ్ళో మొగుడి ఛాంపియన్‌షిప్ పోగొట్టిన ఆడది అంటారు. సిగ్నె తనని చూస్తే రోడ్డు దాటి అవతలి పక్కనుంచి నడుస్తుంది. ఇదంతా ఆమె వరసగా, పద్ధతిగా, ఒక్కొక్కటే ఊహించుకుంది. ఊహించుకుని, చేతులు తుడుచుకుని, హెల్మెట్ తీసుకుని కారు దగ్గరికి నడిచింది.

ఈ పందేల్లో ఒక అలవాటుంది. కారులో కూర్చున్నాక బెల్టులు బిగించి, హెల్మెట్ పెట్టేది డ్రైవరు భార్యే. ఎందుకని ఎవరూ అడగరు. ఆమె చేతులు తగిలితేనే మంచిదని మగాళ్ళ నమ్మకం. స్టూరె మెకానిక్కుల్ని బెల్టు ముట్టుకోనివ్వడు. ఏప్రిల్ నుంచి ఆ పనికి కూడా ఒక పద్ధతి వచ్చింది. ఎడమ తలుపులోంచి వంగి బెల్టులు లాగడం, తర్వాత హెల్మెట్‌ని అతని ఛాతీ ముందుకి, కొంచెం కుడికి తెచ్చి, చేతికి తగిలేలా పట్టుకోవడం. అతను అనాయాసంగా అందుకుంటాడు. చూసేవాళ్ళకి ముచ్చటైన దంపతుల్లా ఉంటారు.

ఐదు కార్లూ మంచులో వరసగా నిలబడి ఉన్నాయి, ఇంజన్లు నడుస్తున్నాయి. ఫైనలుకి ముందు ముసలి జర్మన్ ఇన్‌స్పెక్టరు ఒకాయన ప్రతి కారు ముందూ నిలబడి, బెల్టులూ హెల్మెట్లూ చూసి బొటనవేలెత్తుతాడు. ఆయన వెనకే ఎర్ర శిలువ సంచీతో డాక్టరు. ఇన్‌స్పెక్టరుకి స్వీడిష్ రాదు, మైబ్రిట్‌కి జర్మన్ రాదు. పక్క కారు కుడి తలుపులోంచి రైయా లోపలికి వంగి, భర్త పక్కటెముకలు నొక్కుకోకుండా బెల్టుని వేళ్ళతో ఎత్తి పట్టుకుని మెల్లిమెల్లిగా బిగిస్తోంది. మైబ్రిట్ వీపుకీ రైయా వీపుకీ మధ్య జానెడు దూరం లేదు.

మైబ్రిట్ స్టూరె బెల్టులు లాగింది. ఎప్పటికంటే గట్టిగా లాగింది, భుజాలు సీటుకి అంటుకుపోయేదాకా. అతను ఇక పక్కకి తిరగలేడు. "బాగుంది," అన్నాడు అతను ముందుకే చూస్తూ. ఇన్‌స్పెక్టరు కారు ముందుకి వచ్చి నిలబడ్డాడు.

ఆమె హెల్మెట్ పైకెత్తింది. ఛాతీ ముందుకి తేలేదు. ఎడమ తలుపు దగ్గరే, అతని చెంపకి బెత్తెడు దూరంలో, రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

స్టూరె కుడిచెయ్యి చాచాడు, అరచెయ్యి తెరిచి. గాలి తప్ప ఏమీ తగల్లేదు. ఇంకాస్త ముందుకి చాచాడు. ఛాతీ ముందు తడిమాడు, ఒళ్ళో తడిమాడు, కుడి సీటు ఉండాల్సిన చోట తడిమాడు. ఇన్‌స్పెక్టరు మొదట నవ్వాడు, మొగుడూ పెళ్ళాం పరాచికమేదో అనుకుని. హెల్మెట్ వైపు చూశాడు, స్టూరె మొహం వైపు చూశాడు, మళ్ళీ హెల్మెట్ వైపు చూశాడు. నవ్వు ఆగిపోయింది. మైబ్రిట్ ఆయన కళ్ళలోకి చూసింది. చేతులు నొప్పెడుతున్నాయి. దించలేదు. ఆపిల్ రోజున దించింది, ఈ రోజు దించలేదు.

ముసలాయన చెవి మీది పెన్సిల్ తీసుకుని, చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చి, స్టూరె కంటికి దగ్గరగా అటూ ఇటూ ఆడించాడు. ఆ కన్ను రెప్ప వెయ్యలేదు, ముందున్న మంచులోకే చూస్తోంది. డాక్టరు సంచీ కింద పెట్టాడు. పక్కన రైయా నిటారుగా లేచి నిలబడింది. పెన్సిల్ని చూసింది, తర్వాత మైబ్రిట్‌ని చూసింది. ఐర్లండు మొత్తం ఆ చూపులో ఉంది. మైబ్రిట్ తల తిప్పుకోలేదు.

ఇన్‌స్పెక్టరు రెండు చేతులూ తలపైన అడ్డంగా పెట్టి సైగ చేసి, కారు బయటున్న మీట కిందికి లాగాడు. ఇంజను ఆగిపోయింది. మిగతా కార్లు కూడా ఒకటొకటిగా ఆగాయి. స్టూరె బెల్టుల్లో బిగుసుకుని, చెయ్యి ఇంకా గాల్లోనే పెట్టుకుని, ఏం జరిగిందో తెలియక, చాలా మెల్లిగా అడిగాడు.

"మై, ఉన్నావా?"

"ఉన్నాను," అంది. "నీ ఎడమవైపు."